‘పరిశీలించాలి’ అని రాస్తే పనవ్వదు

మా నాయన దగ్గర ఒక ప్లాస్టిక్ కవరుంది, ఎరువుల కొట్టువాళ్లు ఎప్పుడో సంక్రాంతికి ఇచ్చింది. పొలం పాసుపుస్తకం, కరెంటు బిల్లులతో పాటు అందులో పదకొండు దరఖాస్తుల నకళ్లు ఉన్నాయి. అన్నీ ఒకే విషయం మీద. మాది టెక్కలి అవతల, వంశధార ఎడమ కాలవకి శివారు ఊరు. పై ఊళ్లు తడుపుకున్నాక మిగిలిందే మాకు. నాట్ల టైంలో పిల్లకాలవలోకి నీళ్లు ఎక్కవు, ఎక్కినా రెండు రోజులకి మించి ఉండవు. దాని మీద సోమవారం గ్రీవెన్సుకి వెళ్లినప్పుడల్లా ఒక దరఖాస్తు ఇచ్చేవాడు. ఆ పదకొండింటిలో తొమ్మిదింటి మీద ఆకుపచ్చ ఇంకుతో ఒకే వాక్యం ఉంటుంది: ‘పరిశీలించి తగు చర్య తీసుకోగలరు.’

“పరిశీలించడమంటే చూడ్డమే కదా బావూ. చూసేరు. ఇంక మనం ఏటంటాం?” అన్నాడు ఒకసారి నాతో. కోపంగా కూడా అనలేదు, అలిసిపోయి అన్నాడు.

రాజ్యాంగం, రాష్ట్రాల హక్కులు, కేంద్రం పెత్తనం అని ఎక్కడ చర్చ వచ్చినా నాకు ఆ కవరే గుర్తొస్తుంది. కేంద్రం బలంగా ఉండాలా రాష్ట్రం బలంగా ఉండాలా అని జనం గంటలు గంటలు వాదించుకుంటారు, నేనూ కాలేజీ రోజుల్లో చాలా వాదించాను, కానీ ఇప్పుడు నాకు ఆ ప్రశ్న సగమే అనిపిస్తోంది. అధికారం ఢిల్లీలో ఉన్నా అమరావతిలో ఉన్నా మా శివారుకి రెండూ దూరమే. ఏ పని చెయ్యాలి, ఎప్పటికల్లా చెయ్యాలి, చెయ్యకపోతే ఎవరు ఎక్కడ అడగొచ్చు అన్నవి కాగితం మీద రాసి ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టే శ్రీకాకుళం, విజయనగరం లాంటి చివరి జిల్లాలకి ఏదైనా వస్తుంది లేదా రాదు.

2014 విభజన చట్టం తీసుకోండి. అందులో పదమూడో షెడ్యూలు చదివినవాళ్లు తక్కువ. నేను చదివాను, ఒకటికి నాలుగుసార్లు. విద్యాసంస్థల దగ్గర ‘స్థాపించేందుకు చర్యలు తీసుకోవాలి’ అన్న అర్థంలో మాటలున్నాయి. రైల్వే జోన్ దగ్గరికొచ్చేసరికి మాట మారింది. కొత్త జోన్ ఏర్పాటును ఆరు నెలల్లోపు ‘పరిశీలించాలి’. కడప ఉక్కు ఫ్యాక్టరీ దగ్గర కూడా అంతే, సాధ్యాసాధ్యాలు ఆరు నెలల్లో ‘పరిశీలించాలి’. ఆరు నెలల గడువు చూసి ఆ రోజుల్లో మనం సంబరపడ్డాం. ఆ గడువు పెట్టింది పరిశీలనకి, పనికి కాదు. మా నాయన దరఖాస్తు మీది ఆకుపచ్చ ఇంకు వాక్యం పార్లమెంటు చట్టంలోకి ఎక్కిందని నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

ఏమైందో అందరికీ తెలుసు. గిరిజన విశ్వవిద్యాలయం ఆలస్యంగానైనా వచ్చింది, 2019లో విజయనగరంలో తాత్కాలిక భవనాల్లో క్లాసులు మొదలయ్యాయి. రైల్వే జోన్ మాత్రం 2019 ఫిబ్రవరిలో ప్రకటన, 2025 జనవరిలో విశాఖలో శంకుస్థాపన. రైల్వే పూర్తిగా కేంద్ర జాబితాలో ఉన్న అంశం, రాష్ట్రం చేతిలో అడగడం తప్ప ఏమీ లేదు. పైగా మా జిల్లాలో పలాస దాటాక ఇచ్ఛాపురం దాకా ఉన్న లైను ఖుర్దా రోడ్ డివిజన్ కిందిది. అంటే సోంపేటలో ఒక రైలు ఆపాలని అడగాలన్నా అర్జీ ఒడిశా వెళ్లాలి. ఆ ముక్కని కూడా విశాఖ జోన్‌లో కలపమని ఇక్కడివాళ్లు ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు.

చట్టంలో రాసిన బలహీనమైన మాట సంగతి అది. అసలు రాయనే రాయని మాట సంగతి ఇంకా ఘోరం. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి, కొత్త ఆంధ్రప్రదేశ్‌కి ఐదేళ్లు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రకటించారు. ఆ ప్రకటనలో రాయలసీమ నాలుగు జిల్లాలతో పాటు ఉత్తరాంధ్ర మూడు జిల్లాల ప్రస్తావన కూడా ఉంది. మా ఊళ్లో టీ కొట్టు దగ్గర ఆ రాత్రి నలభై మంది టీవీ ముందున్నారు, మన జిల్లాల ప్రస్తావన ప్రధాని నోట వచ్చిందని. బిల్లులో సవరణగా పెట్టి ఉంటే అది మళ్లీ లోక్‌సభకి వెళ్లాల్సి వచ్చేది. సవరణ రాలేదు, ప్రకటన వచ్చింది. 2016 సెప్టెంబరులో తర్వాతి ప్రభుత్వం హోదా బదులు ప్రత్యేక సాయం అంది. ఏ కోర్టుకి వెళ్లి అడుగుతాం? సభలో అన్న మాటకి విలువ లేదని నేననను, కానీ ప్రభుత్వం మారితే ఆ విలువ మారిపోతుందని మాత్రం మనం చూశాం. చట్టంలో రాసిన చోట కూడా ‘తగినన్ని’ ప్రోత్సాహకాలు అనే ఉంది. ఆ తగినన్ని ఎన్ని? వెనుకబడిన ఏడు జిల్లాలకి జిల్లాకి 50 కోట్ల చొప్పున మూడేళ్లకి విడుదలయ్యాయి, తర్వాత నుంచి ప్రతిసారీ అడుక్కోవాల్సిన విషయమైంది.

ఇదంతా చదివి, ‘చూశారా, కేంద్రం అంటేనే ఇంత’ అనేవాళ్లుంటారు. అక్కడే నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే కేంద్రం ఇంత బలంగా ఎందుకు తయారైందో తెలుసుకోకుండా తిట్టడం నాకు నచ్చదు.

మొదట్లో అనుకున్నది వేరు. 1946 డిసెంబరులో నెహ్రూ ప్రవేశపెట్టి, 1947 జనవరి 22న రాజ్యాంగ సభ ఆమోదించిన లక్ష్యాల తీర్మానం ఒకసారి చూడండి. అందులో అవశిష్ట అధికారాలు, అంటే ఏ జాబితాలోనూ చేర్చకుండా మిగిలిపోయిన అధికారాలు, రాష్ట్రాల దగ్గరే ఉంటాయని రాశారు. ముస్లిం లీగుని కలుపుకుపోవాలన్న ఆశ ఇంకా ఉన్న రోజులవి. జూన్ 3న దేశ విభజన ప్రణాళిక వచ్చేసింది. ఆగస్టు నాటికి సభ ముందుకొచ్చిన కేంద్ర అధికారాల కమిటీ రెండో నివేదిక, బలహీనమైన కేంద్రం దేశానికే ప్రమాదం అని తేల్చింది. మిగిలిపోయిన అధికారాలన్నీ కేంద్రానికి వెళ్లిపోయాయి, అవే ఇవాళ 248వ అధికరణలో ఉన్నాయి. ఎనిమిది నెలలు కూడా పట్టలేదు. పంజాబ్‌లో, బెంగాల్‌లో రక్తం పారుతున్నప్పుడు, వందల సంస్థానాలు ఎటు పోతాయో తెలియనప్పుడు ఢిల్లీలో కూర్చున్నవాళ్లు అలా ఆలోచించడాన్ని నేను తప్పు పట్టలేను. ఆ సభలో మనవాళ్లూ ఉన్నారు. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ముసాయిదా కమిటీలోనే ఉన్నారు, మా పక్క బొబ్బిలి రాజా కూడా సభ్యుడే.

అంబేడ్కర్ 1949 నవంబరు 25న చివరి ప్రసంగంలో చెప్పిన విషయం ఒకటి నాకు చాలా ఇష్టం. కేంద్రానికీ రాష్ట్రాలకీ అధికారాలు పంచింది రాజ్యాంగమే, కేంద్రం చేసిన చట్టం కాదు, ఆ విషయంలో ఇద్దరూ సమానులే అన్నారాయన. నేను ఆ మాటని నమ్ముతాను. కానీ మూడో అధికరణ దగ్గరికొచ్చేసరికి ఆ సమానత్వం నిలబడదు. పార్లమెంటు మామూలు మెజారిటీతో ఒక రాష్ట్రాన్ని విడగొట్టొచ్చు, కలపొచ్చు, హద్దులు మార్చొచ్చు. రాష్ట్ర శాసనసభ చెయ్యగలిగింది గడువులోగా అభిప్రాయం చెప్పడం. 2014 జనవరి 30న మన అసెంబ్లీ విభజన బిల్లుని తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ దాన్ని పాస్ చేసింది. అభిప్రాయం అడగాలని ఉంది, వినాలని లేదు. శాసనసభ చెప్పినదానికి పార్లమెంటు కట్టుబడక్కర్లేదని సుప్రీంకోర్టు బాబూలాల్ పరాతే కేసులో ఎప్పుడో చెప్పేసింది కూడా.

అయితే రాష్ట్రం ఒప్పుకుంటేనే విభజన అని రాయాలా? 2014లో నన్నడిగితే అవుననే అరిచేవాణ్ని. తర్వాత ఆలోచిస్తే నోరు పడిపోయింది. పొట్టి శ్రీరాములు 58 రోజులు తిండి మాని 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలాక 1953 అక్టోబరు 1న మన ఆంధ్ర రాష్ట్రం పుట్టింది ఈ మూడో అధికరణ కిందే. మద్రాసు శాసనసభ ఒప్పుకుంటేనే అన్న షరతు ఉండి ఉంటే, మద్రాసు నగరం ఎవరిదన్న గొడవతో అది ఎన్నేళ్లు సాగేదో ఊహించుకోండి. మనల్ని పుట్టించిన అధికరణతోనే తెలంగాణ కూడా పుట్టింది. మనకి పనికొచ్చినప్పుడు మంచిది, నొప్పి పుట్టినప్పుడు చెడ్డది అనడం న్యాయం కాదు. కాబట్టి అడ్డుకునే హక్కు నేను అడగను. విడదీస్తే ఎవరికేం ఇవ్వాలో, ఎన్నేళ్లలో ఇవ్వాలో, ఇవ్వకపోతే సుప్రీంకోర్టులో అడిగే హక్కుతో సహా ఆ చట్టంలోనే రాయాలని, ఆ రాయడాన్ని రాజ్యాంగమే తప్పనిసరి చెయ్యాలని అడుగుతాను. మూడో అధికరణకి నాలుగు వాక్యాలు చేరిస్తే చాలు.

ఇక రాష్ట్రాల సంగతి. రాష్ట్రాలకే అన్నీ వదిలేస్తే బాగుపడతాం అనేవాళ్లని ఒకసారి హిరమండలం తీసుకెళ్లి గొట్టా బ్యారేజీ మీద నిలబెట్టాలనిపిస్తుంది, ఆగస్టులో అయితే ఇంకా మంచిది. ఒడిశా కొండల్లో వానపడితే బురద రంగు నీళ్లు గేట్ల కింద నుంచి సుడులు తిరుగుతూ దూకుతుంటాయి, రెయిలింగు మీద చెయ్యేస్తే అదురు తెలుస్తుంది. ఆ నీళ్లన్నీ కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసిపోతాయి. అక్టోబరుకల్లా మా నాయన మళ్లీ కాలవ గట్టు మీద కూర్చుంటాడు.

నీళ్లు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి, రెండు రాష్ట్రాల నది అయితే కేంద్రం కలగజేసుకోవచ్చు. 1962 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్, ఒడిశా కూర్చుని వంశధార నీళ్లు చెరి సగం అనుకున్నాయి. నేరడి దగ్గర బ్యారేజీ కట్టాలంటే ఒడిశా వైపు కొంత భూమి కావాలి, అక్కడ చిక్కు పడింది. కాట్రగడ్డ దగ్గర సైడ్ వియర్ అని, అంటే నది పక్క నుంచి నీళ్లు మళ్లించే కట్టడం, మనవాళ్లు మొదలుపెడితే 2006లో ఒడిశా కేంద్రానికి ఫిర్యాదు చేసింది. కేంద్రం ట్రిబ్యునల్ వేసింది 2010లో. అది తీర్పు ఇచ్చింది 2017 సెప్టెంబరులో. ఏమని? 115 టీఎంసీలు, చెరి సగం, నేరడి కట్టుకోవచ్చు అని. చెరి సగం అని 1962లో అనుకున్నదాన్నే మళ్లీ చెరి సగం అనిపించుకోవడానికి 55 ఏళ్లు. మా తాత ఆ మొదటి ఒప్పందం నాటికి పడుచువాడు. రెండోసారి ‘చెరి సగం’ అన్న మాట వినడానికి ఆయన లేడు. తీర్పు వచ్చాక కూడా వివరణల అర్జీలు, మళ్లీ 2021లో ఇంకో నివేదిక.

ఇందులో కేంద్రం తప్పెంత, రాష్ట్రాల తప్పెంత అని కొలవడం నాకు చేతకాదు. రెండు రాష్ట్రాలు తప్పనిసరిగా ఒక బల్ల ముందు కూర్చోవాల్సిన చోటు రాజ్యాంగంలో గట్టిగా లేకపోవడం అసలు లోపం అని మాత్రం చెప్పగలను. 263వ అధికరణలో అంతర్రాష్ట్ర మండలి ఉంది. కానీ అది కూడా ‘అవసరమనిపిస్తే’ రాష్ట్రపతి వెయ్యొచ్చు అన్న రాత. రాజ్యాంగం అమల్లోకొచ్చిన 40 ఏళ్లకి, కేంద్ర-రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ చెప్పాక, 1990లో వేశారు. పదకొండో సమావేశం 2016 జూలైలో జరిగింది. ఏడాదికి మూడుసార్లు కూడాలన్నది దాని నియమం. ఈ లెక్కన చూడండి. విజయనగరం వైపు జంఝావతి కథ కూడా ఇలాంటిదే, ముంపు భూమి ఒడిశాలో ఉండటంతో అసలు డ్యామ్ పూర్తి కాక రబ్బరు డ్యామ్‌తో సరిపెట్టుకున్నారు.

సాలూరు పైన కొటియా ఊళ్లయితే ఇంకో రకం. ఇరవై ఒక్క ఊళ్లు, మావంటే మావని రెండు రాష్ట్రాలు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్తే యథాతథ స్థితి అన్నారు, 2006లో ఆ దావా సాంకేతిక కారణాలతో కొట్టేశారు. అక్కడివాళ్లలో చాలామందికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి, రెండు చోట్లా ఓటు ఉంది. రెండు ప్రభుత్వాలూ పోటీ పడి పథకాలిస్తున్నాయి కదా అదృష్టవంతులు అంటారు కొందరు. నాకలా అనిపించదు. ఏ ప్రభుత్వాన్ని ఓటేసి దించాలో తెలియని మనిషి పౌరుడిగా సగమే.

డబ్బు గురించి ఎక్కువ రాయను, ఒక్క ఉదాహరణ చాలు. మేం పర్లాకిమిడి మావయ్యగారింటికి వెళ్లినప్పుడల్లా తిరుగు ప్రయాణంలో బండి ట్యాంకు నింపుకుని వస్తాం, పాతపట్నం వైపు జనమంతా అదే పని. ఒడిశాలో పెట్రోలు చవక. మన రాష్ట్రం వ్యాట్ ఎక్కువ వేస్తోంది, అది నిజం, దానికి మన ప్రభుత్వాలే జవాబు చెప్పాలి. కానీ ఇంకో సగం కూడా చూడాలి. 2022 మే నాటి లెక్క ప్రకారం లీటరు పెట్రోలు మీద కేంద్రం ఎక్సైజు 19 రూపాయల 90 పైసలు. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సింది 1 రూపాయి 40 పైసలే. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు, పంచక్కర్లేనివి. పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్రాలకి 41 శాతం అంది, బాగానే ఉంది, కానీ ఆ 41 శాతం దేనిలో అన్నది ముఖ్యం. పంచాల్సిన కుండ చిన్నదై పక్క కుండ పెద్దదైతే 41 అన్న అంకెకి అర్థమేముంది. సెస్సుకి ఒక హద్దు రాజ్యాంగంలోనే ఉండాలి.

గట్టిగా రాస్తే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973లో 32వ సవరణతో 371-డి అధికరణ వచ్చింది. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు. మా జిల్లాలు, విశాఖ కలిసి జోన్-1. జిల్లా స్థాయి పోస్టుల్లో 80 శాతం లోకల్ వాళ్లకి అని అంకెతో సహా రాశారు. ‘తగినన్ని’ అని రాయలేదు, 80 అని రాశారు. ఎంతమంది ముఖ్యమంత్రులు మారినా ఆ అంకె చాలాకాలం అలాగే నిలబడింది. మా ఊళ్లో టీచర్లయినవాళ్లు, వీఆర్వోలయినవాళ్లు ఆ అంకె వల్లే అయ్యారని నేను గట్టిగా నమ్ముతాను. లేకపోతే గుంటూరు, విజయవాడ కోచింగుల ముందు మా టెక్కలి పిల్లలు నిలబడగలిగేవారా?

ఆ రాతలోనే మా ఇంట్లో ఒక గాయం కూడా ఉంది. అమ్మకి ఒంట్లో బాగోక మా అప్పని, అంటే అక్కని, ఆరో తరగతికి పర్లాకిమిడి పంపించారు. పదో తరగతి దాకా మావయ్య దగ్గరే చదివింది. పర్లాకిమిడి 1936లో ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు అటు వెళ్లిపోయింది గానీ మా చుట్టరికాలు ఇటూ అటూ అలాగే ఉండిపోయాయి. మాకు అది వేరే రాష్ట్రం అని ఎప్పుడూ అనిపించలేదు. డీఎస్సీకి దరఖాస్తు పెట్టినప్పుడు తెలిసింది. నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లలో ఐదేళ్లు ఒడిశావి. ఆమె శ్రీకాకుళంలో నాన్-లోకల్, విజయనగరంలో నాన్-లోకల్, రాష్ట్రంలో ఎక్కడైనా నాన్-లోకలే. ఒక ఆఫీసులో గుమాస్తా ఆ కాగితాలు రెండుసార్లు తిరగేసి, “పుట్టింది ఇక్కడే గానీ చదువు అక్కడ కదమ్మా” అని తిరిగి ఇచ్చేశాడు. ఆ రోజు బస్సులో అప్ప ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు, ఆ సర్టిఫికెట్ల కవరు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూనే ఉంది.

అయినా నేను 371-డిని తీసెయ్యమనను. అప్ప కూడా అనదు, నేను అడిగాను. సరిహద్దు మండలాల పిల్లల గురించి ఆ ఉత్తర్వు రాసిన రోజున ఎవరూ తలచుకోలేదు, ఒక వాక్యం చేరిస్తే అయిపోయేది. రాసి ఉన్నదాన్ని దిద్దమని అడగొచ్చు. ఏ నంబరు, ఏ పేరా అని వేలు పెట్టి చూపించొచ్చు. సభలో గాల్లో అన్న మాటని ఎక్కడని పట్టుకుంటాం?

అప్పకి పర్లాకిమిడి సంబంధమే కుదిరింది, బావది అక్కడ బట్టల కొట్టు. వాళ్ల పాపకి ఈ జూన్‌లో నాలుగో తరగతి. ఇంటి పక్కనే మంచి బడి ఉంది, అయినా పొద్దున్నే ఏడున్నరకి ఆటో ఎక్కించి రాష్ట్రం దాటించి పాతపట్నం బడికి పంపుతోంది. పదో తరగతి దాకా ఏడేళ్లూ అలాగే పంపుతానంది.